వాగు వైపు పల్లం

అత్తయ్యకు,

మీ కోడలు నమస్కరించి రాస్తోంది. ఇక్కడ నేనూ, ఆవూ, దూడా క్షేమం. లారీతో వెళ్ళిన మీ అబ్బాయి ఇంకా రాలేదు, ఆయనా క్షేమమేనని కబురు వచ్చింది. వదినకు కాన్పు దగ్గరపడిందని మీరు రాత్రంతా మేలుకుని కూర్చోకండి. తర్వాత వదినే మీకు సేవ చేయాల్సి వస్తుంది.

మీరు అడిగినవాటికి జవాబులు. వాన పడింది, మొక్కజొన్న మొదళ్ళు తడిపి ఊరుకుంది. కొట్లో యూరియా దొరుకుతోంది. కొట్టువాడు విప్పి కుట్టిన బస్తా అంటగట్టబోతే, "మూతి మళ్ళీ కుట్టినట్టుందే?" అని నలుగురూ వినేలా అడిగాను. వెంటనే లోపలి నుంచి వేరేది తెచ్చాడు. ఎవరి కోడలినో వాడికి అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది.

ఇక మీ అసలు ప్రశ్న. "కౌలు చేనుకు ఎరువెందుకు? నేల బాగుపడితే ఆసామి లాక్కుంటాడు, పక్కచేను మామయ్యను చూడు" అని రాశారు. చూశాను. ఆయన ఏళ్ళ తరబడి పెంట తోలి నేలను బాగుచేస్తే, పంట చూసి ఆసామి దాన్ని ఇంకొకరికి ఇచ్చేశాడు. అది నేనూ మరిచిపోలేదు.

అయినా వేశాను అత్తయ్యా. కోప్పడకండి, చేనంతా వేయలేదు. వాగు వైపు పల్లంలో మాత్రమే వేశాను. రోడ్డు వైపు మెరకను అలాగే వదిలేశాను. దారిన పోయే ఆసామికి పాలిపోయిన మెరకే కనిపించాలి, పల్లం కంటపడకూడదు అనుకున్నాను. అంత తెలివి చూపించాను.

నిన్న ఆసామి మెరక దగ్గర మోటారు సైకిల్ ఆపాడు. బండి కూడా దిగలేదు.

"ఏంటమ్మా, చేను ఇలా చచ్చిపోతోంది? మీ అత్త లేకపోతే నీ వల్ల కాదులే. ఇంకొకాయన అడుగుతున్నాడు, ఎల్లుండి తీసుకొచ్చి చూపిస్తా."

"పంట ఇంకా చేతికి రాలేదు కదండీ!"

"ఈ పంట కోసుకో. నేను చెప్పేది వచ్చే ఏడు సంగతి," అని వెళ్ళిపోయాడు. కింద పల్లం సంగతి నేను చెప్పనే లేదు.

అప్పటి నుంచి ఇదే ఆలోచన. పల్లం చూపించకపోతే చేతకానిదాన్నని చేను తీసేస్తాడు. చూపిస్తే, ఇంత మంచి నేలా అని ఆ కొత్తాయన ఎగరేసుకుపోతాడు. మిమ్మల్ని అడుగుదామంటే ఈ ఉత్తరం చేరేసరికి అంతా అయిపోతుంది. నాకు చాలా భయంగా ఉంది.

పొద్దున పల్లంలోకి దిగాను. పైరు నా తల దాటింది, కంకి వేస్తోంది. మీరైతే మురిసిపోయేవారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

రేపు వాళ్ళిద్దరినీ నేనే పల్లంలోకి తీసుకెళ్తాను. "మూడేళ్ళు మాకే ఉంచండి, మెరకను కూడా ఇలాగే చేసి చూపిస్తాను" అని ఆ కొత్తాయన ఎదుటే ఆసామిని అడుగుతాను. ఒప్పుకుంటాడో లేదో తెలియదు. మీరు వచ్చేసరికి మనకు చేను లేకపోతే, పంట చెడగొట్టానని మాత్రం అనుకోకండి. పండించినందుకే పోయిందని నమ్మండి.

ఇట్లు,
మీ మాట వినని
మీ కోడలు