కుడి రెక్క గుడ్డ

అమ్మడూ,

నేను కులాసా. వేళకే తింటున్నాను, బెంగపడకు.

విడిభాగాల కిట్టు తెచ్చి మన హాల్లో కడుతున్న చిన్న విమానం రెక్కలు చూడటానికి నిన్న విమానాల శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మీ అమ్మ తను పోయేముందు గుడ్డ కప్పి, ఇస్త్రీ పెట్టెతో బిగువు తెచ్చిన ఎడమ రెక్కను వేలితో కొట్టాడు. డప్పులా మోగింది.

"ఇదెవరు చేశారండీ?"

"మా ఆవిడ" అన్నాను.

నేను చేసిన కుడి రెక్క చూసి నవ్వాడు. "ఇదేంటి మాస్టారూ, పిండేసిన చొక్కాలా ఉంది? ఈ గుడ్డ పీకేసి, ఇదీ ఆవిడకే అప్పజెప్పండి."

సరేనన్నాను. ఆయనకేం తెలుసు. టీ ఇచ్చి పంపాను.

అమ్మ ఇస్త్రీ పెట్టెను చెంప దగ్గరకు తెచ్చి వేడి చూసేది. నేనూ అలాగే చూశాను, నాకేమీ తెలియలేదు. నీకు నేర్పిందిగా. సెలవు పెట్టి ఒకసారి రా. పాత గుడ్డ పీకేశాను, కొత్తది కొని ఉంచాను. ఎడమ రెక్క జోలికి మాత్రం వెళ్ళొద్దు.

అల్లుడి దగ్గు తగ్గిందా? పెద్ద దుప్పట్లు ఏ అరలో పెట్టి వెళ్ళావు? కనబడి చావడం లేదు.

ఆ ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చి అడిగితే, ఆవిడకే అప్పజెప్పానని చెబుతాను.

మీరిద్దరూ చల్లగా ఉండాలి.

నాన్న