ఉమ్మేస్తే లెక్కలోకి రాదు

అక్టోబరు 21, పొద్దున్న 6
నిన్న నా కూతురు అర్గిరోని పూడ్చాం. ఇరవై మూడేళ్ళు. మలుపులో బైకు జారింది. మట్టి వేస్తూ మాటిచ్చాను: ఆనవాయితీ ప్రకారం నలభయ్యోరోజు సమాధి దగ్గర ఉడికించిన గోధుమలు పంచేదాకా నీలాగే తింటానే తల్లీ. మాంసం, చేప, గుడ్డు, జున్ను, తేనె, ఏవీ ముట్టను. ఆరేళ్ళు నువ్వట్లా తింటుంటే వెక్కిరించాను. నలభై రోజులు నాకో లెక్కా!

అక్టోబరు 24
సెనగలు, ఆలివ్‌లు, రొట్టె. భేషుగ్గా ఉంది!
వాకిట్లో ఆడవాళ్ళందరం మస్తిహా చెట్ల జిగురు శుభ్రం చేస్తున్నాం, కత్తిమొనతో మట్టి గీకుతూ. నోరు ఖాళీగా ఉంటే ఏడుపొస్తోంది. కొట్లో చూయింగ్ గమ్ కొన్నాను. ఒళ్ళో పళ్ళెం నిండా ఊరంతా నమిలే చెట్టు జిగురు పెట్టుకుని! కానీ చెట్టుది మొదట చేదు, నా కదిలే పళ్ళకి పడదు. కొట్టుది తియ్యన.

అక్టోబరు 31
రోజుకో ప్యాకెట్. నిలబడ్డాను!! మా ఆడపడుచు మరుకో అయితే మూడ్రోజులు కూడా ఉండలేదు, తిండిపోతు.

నవంబరు 3
మరుకో కళ్ళజోడు పెట్టుకుని నా ప్యాకెట్ చదివింది, జడ్జిగారిలా.
"జెలటిన్ అనుంది వదినా. పశువుల తోలూ ఎముకలూ ఉడకబెట్టి తీస్తారు. పది రోజులుగా అదే నములుతున్నావు."
"మింగలేదుగా! ఉమ్మేశాను. లెక్కలోకి రాదు."
"అయితే మేకమాంసం కూడా నమిలి ఉమ్మెయ్, ఎవరొద్దన్నారు?"
పళ్ళేలు ఎగిరేలా నవ్వారందరూ. పాములు.

సాయంత్రం 5
ఇంకో ప్యాకెట్ తెరిచాను. ఎలాగూ పాడయింది.

నవంబరు 5
జున్నుముక్క నమిలాను. ఉమ్ముదామనే అనుకున్నా. గొంతు దిగిపోయింది. ఇంకోటి. ఆ తర్వాత కోడికూర, గిన్నె ఊడ్చేదాకా.

నవంబరు 6
ఆ గమ్ చేసే దొంగలు నాశనమైపోనూ! పైన పుదీనా ఆకు బొమ్మ, లోపల ఎముకా? చెప్పకుండా మనిషి నోట్లో

పొద్దున్న అక్కడ ఆపేశాను. ఇప్పుడు మధ్యాహ్నం రెండు.
చిక్కిపోతున్నావని తల్లీ, ఆదివారాలు నీ చిక్కుడు సూపులో మాంసం ఉడికించిన నీళ్ళు పోసేదాన్ని. "కూరగాయలేగా అమ్మా?" అనేదానివి. "కూరగాయలేనే" అనేదాన్ని. నమ్మి రెండోసారి వడ్డించుకునేదానివి.
ఆ దొంగలు చిన్న అక్షరాల్లోనైనా అచ్చేశారు. నేను అదీ చెయ్యలేదు.

నవంబరు 7, పొద్దున్న 6
ప్యాకెట్లు పొయ్యిలో పడేశాను. చెట్టు జిగురు ముక్క నోట్లో వేసుకున్నా. ఛీ, చేదు. పన్ను కలుక్కుమంది.
"ఇంకో ఇరవై రోజులేగా వదినా," అంది మరుకో.
"గోధుమలు ఆ రోజే పంచుతా. నా లెక్క వేరు."
"ఇవాళ ఎన్నోరోజు మరి?"
"ఒకటి."