కాలిపోని పటం

ఫిబ్రవరి 4, ఆదివారం

శేటు ఇంట్లో టీవీ. ఆడోళ్లం గచ్చు మీద, శేటు కుర్చీలో. పాత సినిమా, రంగుల్లేవు. ఒకాయన బీమా పైసల కోసం తన గోదాముకు తనే నిప్పు పెట్టుకుంటాడు. టోపీ పెట్టుకున్న బీమా ఆఫీసరు బూడిదంతా వేళ్లతో వెతుకుతాడు — "చిలక పంజరం ఏది?" ఇనుము కాలదు గదా. పంజరం ముందే ఇంటికి చేరింది. చిలకను కాల్చబుద్ధి కాలేదు ఆయనకు.

సినిమాల ఆయనింటి పనిపిల్ల ఏదో చెప్పబోయి నోరు తెరిచింది... కరెంటు పోయింది.

చీకట్లో శేటు నవ్విండు. "ఒక్క చిలకతోని మునిగిండు, పిచ్చోడు."

టీవీ పైన గోడకు మార్కండేయుని పటం. మా ఆయన పనిచేసే శేటు బట్టల కార్ఖానాలదే. అంచుల దూది నుసి ఇంకా పోలేదు. "తుడుద్దామని తెచ్చిన్రు పిల్లా" అన్నది శేటమ్మ.

ఫిబ్రవరి 5

బీడీలు చుడుతున్న. ఆకు గూడ నలుపూ తెలుపే కనిపిస్తుంది. ఆ పనిపిల్ల ఏం చెప్పేదో... ఆమె మొహం గుర్తుకు తెచ్చుకుంటే నా మొహమే వస్తుంది.

ఫిబ్రవరి 6, మంగళవారం

కార్ఖానా కాలిపోయింది.

ఫిబ్రవరి 7

గాలిల నల్ల దూది. ఆరేసిన చీర మీద మెల్లగ వాలుతుంది. పట్టుకుంటే వేళ్ల నడుమ ఏమీ ఉండదు.

నిన్న ఆఖరున తాళం వేసింది ఈయనే. అన్నం ముట్టలేదు. "దేవుని పటం గూడ కాలిపాయెనే అమ్మా" అని అత్తతో. రోజూ దానికి మొక్కినంకనే సాంచ మగ్గం నడిపేది. నేను తలెత్తిన. అత్త ఉంది. దించుకున్న.

ఫిబ్రవరి 9, శుక్రవారం

శేటు మా ఇంటికొచ్చిండు. ఎప్పుడూ రాలేదు. టీ అత్త తీసుకపోయింది. మొగోళ్ల ముందటికి ఎప్పుడూ ఆమెనే. నేను పరదా చాటున.

"తమ్మీ, నీ బీడీతోనే అంటుకున్నది. బీమా సాబ్ సోమవారం వస్తడు. పొరపాటైందని రాసియ్యి. పోలీసుల దాకా పోనియ్య. కొత్త సాంచలు రాంగనే ఫస్టు నీకే."

"ఆర్పిననే అనుకుంటున్న శేట్..."

నేను చుట్టిన బీడీ. పరదా మీద టీ ఆవిరి... ఆవిరిల చిలక, పంజరం. పంజరం పోయి పటం.

శేటు పోయినంక ఈయనకు చెప్పిన. పటం వాళ్లింట్ల ఉండె, ఆదివారమే చూసిన అని.

"కలగన్నవే. వేరేది గావచ్చు."

"మూలకు అద్దం పగిలింది. మీ మగ్గం నాడె ఎగిరి తగిలిన మూల."

లేచి తలుపు దగ్గరికేసిండు. తర్వాత మెల్లగ — "నోరు మూసుకో. ఆయన మీద చెప్తే ఈ భవాని పేట్ల ఇంకెవడు పనిస్తడు నాకు?"

ఫిబ్రవరి 10

కల. బూడిదల నిలబడ్డ. టోపీ ఆయన అడుగుతున్నడు. నోరు తెరిస్తే దూది వచ్చింది, తెల్లగ, ఎంత తీసినా వస్తనే ఉంది.

ఫిబ్రవరి 11, ఆదివారం

టీవీకి పోయిన. టీవీ కోసం గాదు. గోడకు క్యాలెండరు. పటం పూజగదిల ఉంది, కొత్త పూలదండతోని. పగిలిన మూలకు మందంగ పసుపు పూసిన్రు.

పారేయబుద్ధి కాలేదు శేటుకు.

ఇంటికొచ్చి ఈయనకు చెప్పిన. గోడ దిక్కు తిరిగి పడుకున్నడు. "అయితే దేవుడు కాలలేదు" అన్నడు. అంతే.

ఫిబ్రవరి 12, సోమవారం

సాబ్ వచ్చిండు. టోపీ లేదు, హెల్మెట్. మరాఠీల అడుగుతున్నడు. టీ మరిగేలోపు రాస్తున్న.

పొద్దటి సంది పొయ్యికి చెప్తున్న — ఫోటో ఆధీచ్ ఘరీ ఆలా హోతా. పటం ముందే ఇంటికొచ్చింది. పొయ్యి ముందట గొంతు బాగనే వస్తుంది.

కాగితం ముందట పెట్టిండు. ఈయన పెన్ను పట్టుకున్నడు, రాస్తలేడు. "ఇంట్ల ఇంకెవరున్నరు?" అని సాబ్. ఈయన పరదా దిక్కు చూసిండు. నోరు మూసుకో అన్న చూపు గాదు... ఏం చూపో.

టీ పొంగింది. కప్పుల కోసం అత్త చెయ్యి చాపింది.

ఇయ్యలేదు. ఈ టీ నేనే తీస్కపోత —