తడి నేల మీద బూటు అచ్చులు

ఏమయ్యా,

నువ్వు గనిలోకి దిగి తిరిగి రాని రోజు ఇవాళ మళ్లీ వచ్చింది. ఇది నీకు చేరదని తెలుసు. అయినా మొదలుపెట్టిన పని గురించి నీకు కాక ఎవరికి చెప్పను?

నేనూ నీ చెల్లెలు సరోజా తివాచీలు, నేలలు కడిగే పని పెట్టుకున్నాం. సామాన్ల కోసం ఖమ్మం పోతే దుకాణంలో కరెంటు మిషన్ చూపించారు.

"పొద్దంత కరెంటే ఉండదు, గిదేం జేసుకుంటం వదినా?" అంది సరోజ.

గట్టి బ్రష్‌లు, వైపర్లు, బకెట్లు, యాసిడ్ డబ్బా తీసుకున్నాం. కాళ్లు కాలకుండా రెండు జతల రబ్బరు బూట్లు కూడా పెట్టాడు దుకాణదారు.

"ఒక జత చాలు. నాకు ఇంట్ల ఉన్నయి" అన్నాను.

నీ బట్టలతో పాటు గని వాళ్లు తెచ్చిచ్చిన నీ బూట్లే. ముందు భాగంలో పాత గుడ్డలు కుక్కి తొడుక్కున్నాను.

నిన్న కల్లూరులో పెళ్లిళ్ల హాలు. మొదటి పని. తివాచీ ఉతికి ఎండేశాం. యాసిడ్ పోసి రుద్దితే నేల తెల్లబడింది. నీళ్లు కొడదామని బకెట్ పట్టుకుని లోపలికి నడిచి, వెనక్కి చూశాను. తలుపు నుంచి నా దాకా నల్లటి అడుగులు. బూట్ల కింద గట్టిపడ్డ బొగ్గు తడికి నాని ఊడింది.

హాలు మేనేజరు తలుపు దగ్గరే ఆగి, "లోపలికి ఏ మగమనిషి వచ్చిండమ్మా?" అని అడిగాడు.

నేను బూట్లు విప్పి పక్కన పెట్టి, ఆ యాసిడ్ తడిలో వట్టి కాళ్లతో ఒక్కొక్క అడుగూ తుడుచుకుంటూ తలుపు దాకా పోయాను.

అరికాళ్లు ఇంకా మండుతున్నాయి.