తాడు సారు

శంషాబాద్

బేటీ సలేహా,

నలభై ఏళ్ల కింద మీ అబ్బా మొయిజ్ నాకిచ్చిన మాట తప్పాడు. రాజేంద్రనగర్‌లో ఉపాధ్యాయుల క్విజ్ పోటీకి ఇద్దరం ఒకే జట్టుగా వెళ్లాం. ఒకడు జవాబు చెబితే రెండోవాడు అతని పక్షాన నిలబడాలని ఒప్పందం.

ఒలింపిక్స్‌లో ఎన్నడూ లేని ఆట తాడులాగుడని క్విజ్ నడిపిన మా హెడ్మాస్టరు అన్నాడు. 1900 నుంచి 1920 దాకా ఐదుసార్లు ఆడారని నేను వాదించాను. హాలంతా నవ్వింది. ముందురోజు ఆ సంగతి ఉన్న పుస్తకం పేజీ నాకు చదివి వినిపించిన మీ అబ్బా, హెడ్మాస్టరుకు భయపడి, "నాకు తెల్వదు సార్" అన్నాడు.

అప్పటినుంచి పిల్లలకు నేను తాడు సారును. "సారూ, గోలీలాట గిట్ల ఉండెనా ఒలింపిక్స్‌ల?" అని వెనక నుంచి అడిగేవారు. తరగతిలో నోరు పెగలక, ఐదేళ్లకు ఉద్యోగం మానేశాను. మళ్లీ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు.

దవాఖానలో మీ అబ్బా నన్ను చూడాలంటున్నాడని, నేను చెప్పిందే నిజమని నర్సులకు చెబుతున్నాడని రాశావు. ఆ రోజు హాల్లో చెప్పాల్సిన మాట అది. ఇప్పుడు నేను రాను, బేటీ. నవ్వినవాళ్లకు, హెడ్మాస్టరుకు నిజం తెలియదు, వాళ్ల మీద నాకు కోపం లేదు. తెలిసినవాడు మొయిజ్ ఒక్కడే.