రెండు డిస్కులూ, నాన్న గొంతూ

చిలకలగూడ,
సికింద్రాబాద్.

నాన్నకు చిన్ని నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. నువ్వు, అమ్మ, నానమ్మ, తమ్ముడు ఎలా ఉన్నారు? గొంతు ఆపరేషన్ చేసిన చోట చలికి మళ్లీ సలుపుతోందా? అమ్మని అడిగితే "బాగానే ఉన్నారులే" అంటుంది. ఫోన్ నీకిస్తే ఊపిరి తప్ప ఏమీ వినపడదు. అందుకే ఈ ఉత్తరం. దీనికైతే నువ్వూ జవాబివ్వగలవు.

ఇక్కడ చలి మొదలైంది. మెస్ పప్పులో పులుపే ఉండదు గానీ, ఇంటావిడ యాదమ్మ ఆంటీ వేడి జొన్నరొట్టె పెడుతుంది. తెలుగు క్లాసులు బాగున్నాయి. నాకీ మధ్య మాటల పిచ్చి పట్టింది. జాడ, ఆచూకీ, ఆనవాలు మూడూ ఒకటే అనుకునేదాన్ని. చీరాల వీధుల్లో ఆటోకి మైకు కట్టి తప్పిపోయిన పిల్లల గురించి చెప్పేటప్పుడు నువ్వు మూడింటినీ మూడు చోట్ల వాడేవాడివని ఇప్పుడు తెలిసింది. అంతా చెప్పేశాక "మళ్లీ చెబుతున్నాను" అని మొదటి నుంచీ చెప్పేవాడివి.

చెప్పాల్సిన దాని చుట్టూ తిరుగుతున్నాను. నాన్నా, నీ గొంతు పోయింది. రెండోసారి.

వానకి తడిసి పాడైపోతున్న నీ క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, గదిలో ఎప్పుడూ నడుస్తూ ఉండే చిన్న పెట్టెలో దాచాను కదా. అందులో రెండు డిస్కులు. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. ఒకటి చెడితే రెండోది కాపాడుతుందని ధీమాగా ఉన్నాను.

దసరాకి పెట్టె విప్పి దుమ్ము తుడుస్తుంటే ఆంటీ పసుపు కుంకుమలతో వచ్చింది.

"ఏందే, గిది సుత పనిముట్టే కదా. బొట్టు లేకుంట ఎట్ల?"

"పెట్టె మీద పెట్టండి ఆంటీ, చాలు."

"పనంత లోపలివి చేస్తయంటివి. బొట్టేమో డబ్బాకా?"

నవ్వొచ్చి రెండు డిస్కులూ ఆవిడ ముందు పెట్టాను. సరిగ్గా నంబర్లు అచ్చేసిన చోటే తడివేలితో దిద్దింది. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి.

ఫలానా నంబరు డిస్కు పాడవుతోంది, మార్చమని ఈమధ్య పెట్టె హెచ్చరించింది. తీసి చూస్తే నంబర్లు కుంకుమ కింద ఉన్నాయి. తడిగుడ్డతో రుద్దితే కుంకుమతో పాటు అచ్చూ లేచొచ్చింది. రెండింటినీ చేత్తో పట్టుకుని చూశాను. ఒకటి బాగా కాలుతోంది. ఒళ్లు కాలుతున్నదే రోగి అనుకున్నాను.

ఇంకా గ్యారంటీ ఉంది కాబట్టి దాన్ని కొన్న షాపుకే పట్టుకెళ్లాను.

"డేటా గిట్ల ఉన్నదా ఇందుల? కంపెనీకి పోతే వాపస్ రాదు," అన్నాడు షాపతను.

"ఇంకోదాంట్లో ఉందన్నా," అన్నాను. పాతది తీసుకుని కొత్తది ఇచ్చాడు.

దాన్ని బిగించి, మిగిలిన పాతదాంట్లోంచి ఎక్కించడం మొదలుపెట్టాను. సగం కాకముందే పాతది టిక్కు టిక్కుమంది. కాసేపటికి ఆ చప్పుడూ ఆగిపోయింది. ఎక్కినంత మేర చూస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. నేనిచ్చేసింది మంచి డిస్కని అప్పుడు అర్థమైంది. షాపుకి పరిగెత్తాను.

"అది పోయిందమ్మా కంపెనీకి. ఆడ తుడిచేస్తరు. జెర ముందు చెప్తే ఆపుతుంటి కదా," అన్నాడు. అతని ముఖం కూడా చిన్నబోయింది.

ఆగిపోయిన డిస్కుని, పోయిన డేటా తీసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. విప్పి చూపించాడు. లోపల అద్దంలా ఉండాల్సిన పళ్లెం నిండా గీతలు.

"నీకు ఆశ పెట్టి పైసలు గుంజలేను చెల్లె," అన్నాడు. మళ్లీ ఎక్కిద్దామంటే క్యాసెట్ల టేపులు అప్పుడే తెగిపోయాయి కదా.

సంగతి విని ఆంటీ గుమ్మంలోనే కూలబడింది. "నా బొట్టు వల్లనేనా బిడ్డా?" అంది. కాదన్నాను. నిజంగానే ఆవిడ మీద కోపం లేదు. అప్పట్నుంచి రొట్టె మీద నెయ్యి ఎక్కువేసి "పరేషాన్ కాకు" అంటోంది. ఆ మాట నాకిష్టమే, కానీ నాది పరేషాన్ కాదు నాన్నా. దిగులు.

నిన్న స్టేషన్‌లో ఎంఎంటీఎస్ కోసం నిలబడి ఉంటే, మైకులో మెషీన్ గొంతు "దయచేసి వినండి" అంది. అది నువ్వెలా అనేవాడివో తలుచుకుందామని కళ్లు మూసుకున్నాను. ఎక్కడ ఆగేవాడివో తెలుసు. ఏ మాట సాగదీసేవాడివో తెలుసు. మాటలన్నీ వచ్చాయి, గొంతు రాలేదు. ఆ మెషీనే నీ మాటలు చదువుతున్నట్టు వినిపించింది. రైలు వచ్చి వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

తమ్ముడికి ఒక పని చెప్పు. మన వీధుల్లో ఎవరి పెళ్లి వీడియోలోనైనా, వెనక నీ ఆటో వెళ్తున్న చప్పుడు పడిందేమో అడగమను. దొరుకుతుందని నాకు నమ్మకం లేదు. అయినా అడగమను.

అమ్మకి ఇంకా చెప్పలేదు. ప్రతి ఆదివారం ఫోన్‌లో నీ రికార్డు ఒకటి వినిపించమంటుంది కదా. ఈ ఆదివారం కరెంటు లేదని తప్పించుకున్నాను. వచ్చే ఆదివారం ఏం చెప్పాలో నువ్వే రాయి.

నానమ్మకు నా దండాలు. చలిలో మెడకి మఫ్లర్ లేకుండా బయటికి వెళ్లకు. నా తల మీద చెయ్యి పెట్టినట్టు ఒక్క ముక్క రాయి, చాలు.

నా గురించి బెంగపడకు. ఇక్కడ బాగానే ఉన్నాను. మళ్లీ చెబుతున్నాను, బాగానే ఉన్నాను.

నీ కూతురు,
చిన్ని