లెక్కకు పిలిచిన పిల్లలు

పట్టణ పునర్నిర్మాణ నిధి ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,

మార్కెట్టు మెట్ల కింద సైకిల్ రిపేరు దుకాణం నడుపుకొనువాడును, కొత్త బడి నిధి ప్రజా పర్యవేక్షణ సంఘ సభ్యుడును (సంఘం ఇప్పుడు ఉన్నదో లేదో తెలియరాలేదు) అయిన నేను వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కొత్త బడికి కేటాయించిన నిధిని కార్ల పార్కింగు భవనమునకు మళ్లించుట ఆపించుట గురించి; మూసివేసిన తాత్కాలిక బడిని వేరొక చోట తెరిపించుట గురించి; మరియు ఒక చిన్నపిల్ల గురించి.

1. మా వీధి ఇళ్లను పునర్నిర్మాణం నిమిత్తం తొలగించునప్పుడు, ఆ స్థలంలో అన్నిటికన్నా ముందు బడి కట్టబడునని, దాని నిధిపై వీధివారి పర్యవేక్షణ ఉండునని తమ కార్యాలయం వారు సభ పెట్టి తెలియజేసియున్నారు. ఆ మాట నమ్మి అందరూ ఇళ్లు ఖాళీ చేసియున్నారు. కుట్టుపని చేసుకొను నా చెల్లెలు అందరికన్నా ముందు తాళంచెవి ఇచ్చినది. "పిల్ల గడప దిగితే బడి, అన్నయ్యా. ఇంకేం కావాలి?" అన్నది. ఇప్పుడామె ఊరి అవతల అద్దె గదిలో ఉన్నది.

2. నా దుకాణం ముందు బల్ల ఉన్నందునను, వీధి కబుర్లన్నీ ఆ బల్ల మీదనే సాగుచున్నందునను నన్ను సంఘమునకు ఎన్నుకొనిరి. నాకు అంతకు మించిన అర్హత లేదు. నిధి ఏ మేరకు వినియోగమైనదో చూపమని మేము ఇంజినీరు గారిని కోరగా, వారు మమ్ములను జీపులో స్థలం వద్దకు తీసుకొని వెళ్లిరి. అక్కడ ఇనుపరేకుల కంచె, కంచె మీద నవ్వుతున్న పిల్లల బొమ్మలతో ఒక పెద్ద బోర్డు ఉన్నవి.

"చూశారుగా?" అన్నారు ఇంజినీరు గారు.

"చూశామండీ."

"ఇంకేం మరి? పర్యవేక్షణ అంటే చూడటమే కదా."

మాలో ఒకరైన రిటైరయిన పోస్టుమాన్ గారు, "మేం చూస్తామన్నది బోర్డు కాదు బాబూ, బడి" అన్నారు.

"ముందు బోర్డు లేకుండా బడి ఎక్కణ్నుంచి వస్తుంది పెద్దాయనా!" అని ఇంజినీరు గారు నవ్వారు. మేమూ నవ్వాము. ఎందుకు నవ్వామో నాకు ఈనాటికీ తెలియదు.

3. బడి పూర్తగు వరకు పిల్లలను ధాన్యం గోడౌను పైనున్న హాలులో కూర్చోబెట్టిరి. ఒక్క హాలు, మూడు తరగతులు, మూడు గోడలు. ఒక గోడ దగ్గర ఎక్కాలు చెప్పుచుంటే రెండో గోడ దగ్గర పద్యంలో అవి కలిసిపోయేవి. కింద బస్తాలు దులిపితే పైన పిల్లలు దగ్గేవారు. తల్లిదండ్రులు ఒక్కొక్కరే పిల్లలను మానిపించిరి. అంతట "తగినంత మంది విద్యార్థులు లేనందున కొత్త బడి అవసరము పునఃపరిశీలనలో ఉన్నది" అని తమ నోటీసు వచ్చినది.

నేను తమ కార్యాలయంలో ఒక గుమాస్తా గారిని అడిగాను. "బడి లేకేగా బాబూ పిల్లలు రానిది?"

"పిల్లలు లేకేగా బాబాయ్ బడి రానిది" అన్నారాయన. వెటకారంగా అనలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, గొంతు తగ్గించి, "తనిఖీకి మేడమ్ వస్తారు. ఆ రోజున పిల్లల్ని చూపించండి. నేను చెప్పానని మాత్రం అనకండి" అన్నారు. ఆయన ఎవరో నాకు గుర్తు లేదు.

4. నేను దుకాణం మూసి, చెదిరిపోయిన మా వీధివాళ్లను వెతుక్కుంటూ తిరిగాను. ఆ పిల్లల సైకిళ్లన్నీ నా చేతి మీదుగా పోయినవే కాబట్టి పిల్లలు నన్ను ఎరుగుదురు. బ్రేకులు బిగించాను, చెయిన్లు ఎక్కించాను, బడికి రమ్మని బతిమాలాను. కూరగాయలమ్ముకొను తల్లి ఒకామె, "మళ్లీ ఆ దుమ్ములోకేనా అన్నా?" అన్నది. "కొద్ది రోజులేనమ్మా, మన బడి వచ్చేదాకా" అన్నాను. తనిఖీ రోజున అందరూ తలకు నూనె రాసి, ఉతికిన బట్టలు తొడిగి పిల్లలను పంపిరి. నా మేనకోడలిని, మేము పిచ్చుక అని పిలుచుదానిని, నేనే సైకిలు మీద తెచ్చాను. లోపల చోటు లేక అది గుమ్మంలోనే నిలబడినది.

5. తనిఖీకి వచ్చిన మేడమ్ గారు మంచివారు. ఒక పిల్లవాడి చేత పాఠం చదివించి మెచ్చుకున్నారు. ఆ తర్వాత మెట్ల దగ్గరకు వెళ్లి చెక్కను కాలితో నొక్కి చూశారు.

"ఇంతమందిని ఈ హాల్లో ఎలా పెట్టారు? ఏదన్నా జరిగితే ఎవరిది బాధ్యత?"

"మేడమ్, రోజూ ఇంతమంది రారండీ" అనబోయాను. సగంలో నాలుక కరుచుకున్నాను. ఎక్కువన్నా చిక్కే, తక్కువన్నా చిక్కే. హాలు ప్రమాదకరమని అప్పటికప్పుడే పిల్లలను దింపివేసి తాళం వేసిరి. అయ్యా, మేడమ్ గారు అన్నది అబద్ధమని నేను అనజాలను. ఆ మెట్లు నేనూ ఎక్కినవాడినే. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలో తోచడం లేదు.

6. పిమ్మట, ఈ ప్రాంతంలో నడుచుచున్న బడి ఏదియు లేనందున కొత్త బడి అవసరం లేదని తీర్మానించి, నిధిని పార్కింగు భవనమునకు మార్చిరి. తీర్మానం ప్రజా పర్యవేక్షణలో జరిగినదని అందులో ఉన్నది. నిజమే, మేము చూస్తూనే ఉన్నాము. అభ్యంతరం చెప్పుకుందామని వెళ్లగా, బడి రద్దయినందున బడి సంఘమూ రద్దయినదని గేటు దగ్గరే చెప్పిరి.

7. పిల్లలను పంపిన తల్లిదండ్రులు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పోస్టుమాన్ గారు బల్ల మీదకు వచ్చి కూర్చుంటారు, ఇద్దరం రోడ్డు చూస్తాము.

కావున తమరు దయతో నిధి మళ్లింపును ఆపించి, పిల్లలకు గట్టి మెట్లున్న గది ఏదైనా చూపించి, మా బోటివారికి చూచుటయే గాక అడుగు హక్కు కూడా కలదని ఉత్తర్వు ఇప్పించవలెనని వేడుకొనుచున్నాను. ఎవరికి చెప్పుకొనవలెనో తెలియక తమరికి చెప్పుకొనుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సైకిల్ రిపేరు దుకాణదారుడు

తాజా కలం: పైవన్నీ తమరి వల్ల కాకపోవచ్చు. అది నాకూ తెలుసు. ఇది ఒక్కటి చూడండి. నిన్న పిచ్చుక దుకాణానికి వచ్చి బల్ల మీద కూర్చుని, "మామయ్యా, ఆ రోజు నేను రాకపోతే మిగతావాళ్లు హాల్లో పట్టేవాళ్లు కదా?" అన్నది.

"ఛ, నీ వల్ల కాదే తల్లీ" అన్నాను.

"నువ్వు మామయ్యవి, నువ్వట్లాగే అంటావు. ఆఫీసువాళ్లు చెప్పాలి."

అయ్యా, బడి మూతపడింది ఆ పిల్ల వల్ల కాదని ఒక్క వాక్యం రాసి, ముద్ర వేసి పంపించండి. ఎవరూ చదివి వినిపించనక్కర్లేదు. కూడబలుక్కుని తనే చదువుకుంటుంది. అంతవరకు నేర్చుకుంది.